మాట తెగని వేగం

(జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు విశాఖపట్నంలోని ఒక కాలనీ గ్రంథాలయంలో, ఉద్యోగ విరమణ చేసిన భౌతికశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు, "సైకిలు తొక్కితే ఆరోగ్యానికి ఏం మేలో నాలుగు మాటలు చెప్పండి మేడం" అన్నారు. ఆ మేలు మీకు తెలియనిది కాదు. డాక్టర్లు చెప్పే ఉంటారు, పత్రికల్లో చదివే ఉంటారు. 2018లో ఐక్యరాజ్య సమితి ఈ రోజును సైకిలు కోసం కేటాయించినప్పటి నుంచి ఏటా జూన్ 3న అవే మాటలు వింటున్నాం. అన్నీ తెలిసినా మెట్ల కింద సైకిలు దుమ్ము పట్టి అలాగే ఉంటుంది. ఎందుకు తీయడం లేదని అడిగితే మోకాళ్ళంటారు, ట్రాఫిక్ అంటారు, తీరిక లేదంటారు. కాసేపు పక్కన కూర్చుని మాట్లాడితే అసలు సంగతి బయటికి వస్తుంది. "మీతో సమానంగా తొక్కలేనేమోనండీ. నా ఒక్కదాని వల్ల అందరూ ఆగాల్సి వస్తుందేమో."

ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ భయం గురించే. అది ఉత్త భయం కాదు. నాకు జరిగింది.

చిన్నప్పుడు గంటల లెక్కన అద్దెకు తెచ్చుకున్న సైకిలు మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ముప్ఫై ఏళ్ళు సైకిలు ముట్టలేదు. యాభై నాలుగో ఏట మళ్ళీ ఎక్కాను. అప్పట్లో ఆదివారం పూట బీచ్ రోడ్డు మీద తిరిగే ఒక జట్టులో చేరాను. దాని పేరు ఇప్పుడు అనవసరం. మొదటి ఆదివారమే భీమిలి ప్రయాణం. ఋషికొండ దాటాక, తొట్లకొండకు ఇవతల ఎత్తు ఎక్కుతూ గేరు మార్చబోతే చైను జారిపోయింది. దిగి చూసుకుని తలెత్తేసరికి ముందున్న వాళ్ళ చొక్కాల రంగులు కూడా కనిపించలేదు. చైను చేత్తో పట్టుకుని పళ్ళ మీదికి ఎక్కిస్తుంటే అటు ఎక్కి ఇటు జారుతోంది. చేతులు మోచేతుల దాకా నలుపు. చేపల గంప దించుకుని నీడన కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చింది. ఏమీ అడగలేదు. వెనక చక్రం నేల మీద నుంచి జానెడు ఎత్తు లేపి పట్టుకుంది. నేను పెడలు తిప్పాను. చైను టక్కున కూర్చుంది. "పో అమ్మా, నీ వాళ్ళు దూరం పోయారు" అంది.

నేను ముందుకు పోలేదు. ఇంటికి తిరిగి వచ్చాను. మధ్యాహ్నం ఫోనులో ఫొటో వచ్చింది. భీమిలిలో లైట్‌హౌస్ ముందు వరసగా నిలబడి ఉన్నారు. కింద "అందరం పూర్తి చేశాం" అని రాసి ఉంది. ఆ "అందరం"లో నేను లేనన్న సంగతి అప్పటికీ ఎవరికీ తట్టలేదు.

మళ్ళీ ఆరు నెలలు సైకిలు తీయలేదు. పక్కింటి అమ్మాయి వదలకుండా వెంటపడి ఇప్పుడున్న జట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎదురుగా కలిశాం. ఎంత వేగంతో తొక్కుతారని ఎవరూ అడగలేదు. టిఫిన్ ఎక్కడ తిందామన్న చర్చ నడుస్తోంది, పెసరట్టా ఇడ్లీయా అని నా ఓటు అడిగారు. బయలుదేరే ముందు పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "నేను చివర వస్తానమ్మా. మీరు వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు" అన్నారు.

దారి పొడవునా ఆయన ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఏ కాలేజీలో చెప్పారు, పిల్లలెక్కడ, నిన్న కూర ఏమిటి. కాస్త ఎక్కువే మాట్లాడే మనిషి అనుకున్నాను. ఋషికొండలో ఆగి టీ తాగుతున్నప్పుడు అసలు విషయం చెప్పారు. "మీరు పూర్తి వాక్యంతో జవాబు చెబుతుంటే ఊరుకున్నాను. ఒక్క ముక్కలో చెప్పడం మొదలుపెట్టినప్పుడల్లా నెమ్మదించమని ముందుకు కబురు పంపాను. నాలుగుసార్లు పంపాను." ఆ నాలుగుసార్లూ జట్టు మొత్తం వేగం తగ్గించింది. నాకు తెలియనే లేదు. నా వల్ల అందరూ ఆగుతున్నారన్న బాధ నాకు కలగకుండా వాళ్ళు నన్ను వెంట తీసుకొచ్చారు.

జీవితమంతా పిల్లలకు బలం, వేగం, శక్తి అని సూత్రాలు చెప్పిన దాన్ని. ఆ పెద్దాయన చేసినదాన్ని కూడా అలాగే చూడాలనిపించింది. మాట్లాడాలంటే ఊపిరిని నెమ్మదిగా, పొడుగ్గా వదలాలి. శ్రమ ఒక హద్దు దాటగానే ఒంట్లో చేరే బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడానికి ఊపిరి గబగబా ఆడాలి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే వాక్యం మధ్యలో తెగుతుంది. వ్యాయామం చేయించేవాళ్ళు శ్రమను కొలవడానికి ఈ పద్ధతినే వాడతారు. గుండె వేగం చూపించే గడియారం చేతికి కట్టుకోకపోయినా పక్కన మాట్లాడే మనిషి ఉంటే చాలు. మా జట్టులో వేగానికి ఇదే కొలత. మాట తెగితే వేగం ఎక్కువైనట్టే. చదును దారిలో అది గంటకు 15 నుంచి 18 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది.

"ఇరవైకి పెంచితే ఏమవుతుంది, రెండు మూడు కిలోమీటర్లే కదా" అని కుర్రవాళ్ళు అంటారు. గాలి ఎదురు నెట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ గాలిని తోసుకుపోవడానికి కాళ్ళు పెట్టాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 15 నుంచి 20కి పెంచారంటే, ఒక్క గాలి కోసం పెట్టే శక్తే రెట్టింపు దాటిపోతుంది. కాళ్ళలో బలం ఉన్నవాడికి అది తెలియదు. యాభై దాటిన మనిషికి మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఆ గాలి నుంచే సాయం కూడా తీసుకోవచ్చు. ముందు వెళ్ళే మనిషి వెనక గాలి మాటు ఏర్పడుతుంది. పోటీల్లో దగ్గర దగ్గరగా వేగంగా తొక్కేవాళ్ళకు ఆ మాటులో నాలుగో వంతు, ఒక్కోసారి మూడో వంతు శ్రమ కలిసొస్తుంది. మన వేగానికి అంత ఉండదు. కానీ ఎదురుగాలి వీచే రోజున ఆ తేడా ఒళ్ళంతటికీ తెలుస్తుంది. అందుకని కొత్తగా వచ్చినవాళ్ళను మేము చివర వదలం, మధ్యలో పెడతాం. ముందు భుజాల వెడల్పు ఉన్న మనిషిని ఉంచుతాం.

మన ఊరి గాలి గురించి ఇక్కడే చెప్పాలి. బీచ్ రోడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఈ నెలల్లో గాలి నైరుతి నుంచి వస్తుంది. భీమిలి వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తుంది. సైకిలు దానంతటదే పరుగెడుతుంటే, మనకే ఇంత బలం ఉందా అనిపిస్తుంది. వెనక్కి తిరిగాక ఆ గాలే ఎదురొస్తుంది, పైన ఎండ కూడా తోడవుతుంది. భీమిలి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. పోయినంత హాయిగా వచ్చేయవచ్చనుకుని బయలుదేరినవాళ్ళు మంగమారిపేట దగ్గర ఆటోలో సైకిలు ఎక్కించుకుని రావడం నేను చూశాను. నవంబరు, డిసెంబరు నెలల్లో గాలి ఈశాన్యం నుంచి తిరుగుతుంది. పోయేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సుఖం. కొత్తవాళ్ళు మొదటిసారి భీమిలి చూడాల్సింది ఆ రోజుల్లో.

ఇంకో సంగతి. మనం ఎడమవైపు నడుస్తాం కాబట్టి పోయేటప్పుడు కొండవైపు ఉంటాం, సముద్రం రోడ్డుకు అవతల ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం మన పక్కకు వస్తుంది. తెన్నేటి పార్కు దగ్గర అలల తుంపర మొహానికి తగులుతుంది. అందుకే నాకు తిరుగు ప్రయాణమే ఇష్టం, గాలి ఎదురైనా సరే.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వినండి, ఇది ఒంటికి సంబంధించిన విషయం. పదిమందితో తొక్కడం ఒక్కళ్ళే తొక్కడం లాంటిది కాదు. ముందు మనిషి వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం ఎప్పుడూ చేరకూడదు. ఒక జానెడు చేరినా చేరినట్టే. ఆయన గుంత తప్పించడానికి కొంచెం పక్కకు తిప్పితే ఆయన చక్రం మీ చక్రానికి తగులుతుంది. ఆయనకు ఏమీ కాదు, పడేది మీరే. వెనక చక్రం తగిలినా బండి నిలుస్తుంది, ముందు చక్రం తగిలితే హ్యాండిల్ మీ చేతిలో ఉండదు. మా జట్టులో నేను చూసిన ఒకే ఒక్క గట్టి దెబ్బ ఇలా తగిలిందే. మణికట్టు విరిగింది. అందుకని ఎప్పుడూ ఒక సైకిలు పొడవు వదలండి. గాలి మాటు కోసం ఆశపడి అంటుకోవద్దు.

ముందున్న మనిషి వెనకున్న వాళ్ళందరికీ కళ్ళు. గుంత కనిపిస్తే చెయ్యి కిందికి చూపించి "గుంత" అని అరవాలి. వెనకాయన దాన్ని తన వెనకాయనకు అందించాలి. "ఇసుక" అన్న కేక మన ఊరికి ప్రత్యేకం. రాత్రి గాలికి ఇసుక రోడ్డు మీద పరుచుకుంటుంది, మలుపుల్లో మరీను. దాని మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. ముందే నెమ్మదించి, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా దాటాలి. వెనక నుంచి బస్సు వస్తే చివరి మనిషి "బండి" అంటారు. జంటగా మాట్లాడుకుంటూ వస్తున్నవాళ్ళు వెంటనే ఒకే వరసలోకి మారిపోవాలి, మాట మధ్యలో ఉన్నా సరే. కుక్కలు వెంటపడితే కాలు విసరకండి. వేగం తగ్గించి గట్టిగా ఒక మాట అనండి, చాలావరకు ఆగిపోతాయి.

వెనక వరసలోంచి ఆ అమ్మ ఏదో అడుగుతున్నారు... "ఎలాంటి సైకిలు కొనాలి, ఏం బట్టలు వేసుకోవాలి" అంటున్నారు. మంచి ప్రశ్న. కొనకండమ్మా. ఇంట్లో ఉన్న సైకిలుతో రండి. మనవడి సైకిలైనా పరవాలేదు, మీ ఎత్తుకు సరిపోతే చాలు. మా జట్టులో గేర్లు లేని నల్ల సైకిలు మీద వచ్చే ఆయన ఉన్నారు, లక్ష పైన పెట్టి కొన్న సైకిలు మీద వచ్చే అమ్మాయి ఉంది. ఇద్దరూ ఒకే టీ కొట్టు దగ్గర దిగుతారు. మూడు నెలలు తొక్కాక మీకేం కావాలో మీ ఒళ్ళే చెబుతుంది. బట్టల విషయానికొస్తే, సల్వార్ వేసుకుంటే కుడి కాలి అంచును రబ్బరు బ్యాండుతో బిగించండి, చున్నీ ఇంట్లో వదిలి రండి. చైనులో చున్నీ పడితే చాలా ప్రమాదం. హెల్మెట్ మాత్రం తప్పనిసరి, అది లేకుండా మాతో రానివ్వం. తెల్లవారకముందే బయలుదేరుతాం కాబట్టి వెనక ఒక ఎర్ర లైటు.

మోకాలి నొప్పి అన్నవాళ్ళు ముందు సీటు చూసుకోండి. మనలో చాలామంది రెండు కాళ్ళూ నేలకు ఆనాలని సీటు కిందికి దించి పెడతాం. అలా తొక్కితే ప్రతిసారీ మోకాలు మరీ ఎక్కువగా ముడుచుకుని, దాని మీదే బరువంతా పడుతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, మడమ పెడలు మీద పెట్టండి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. అదీ మీ ఎత్తు. ఇక తొక్కేటప్పుడు మడమతో కాదు, పాదం ముందు భాగంతో తొక్కుతారు, అప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. నాకు ఈ మాట మొదటి జట్టులో ఎవరూ చెప్పలేదు. రెండో జట్టులో మొదటి రోజే ఒకతను రెంచి తీసి రెండు వేళ్ళ ఎత్తు లేపాడు.

పంక్చర్ గురించి కూడా భయపడుతుంటారు. గత సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం జరిగింది చెబుతాను. ఎర్రమట్టి దిబ్బలు దాటుతుండగా నా వెనక చక్రం మెత్తబడింది. పన్నెండు మందీ ఆగారు. ఒకరు చక్రం ఊడదీశారు, ఒకరు ట్యూబు బయటికి లాగి పంపుతో కొంచెం గాలి నింపారు. చిల్లు ఎక్కడుందో తెలియడం లేదు, ముంచి చూడటానికి నీళ్ళూ లేవు. ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ట్యూబును బుగ్గకు దగ్గరగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా తిప్పుతూ పోయింది. అందరం మాటలాపాం. "ఇదుగో" అంది. సూది మొనంత గాలి. అక్కడ అతుకు వేశాక వెంటనే చక్రం బిగించబోతే పోర్టు పెద్దాయన ఆపారు. టైరు లోపల వేలితో తడుముకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి, గోళ్ళతో ఒక తుమ్మ ముల్లు మొన పీకారు. అది తీయకపోతే కిలోమీటరు పోకముందే మళ్ళీ దిగాల్సి వచ్చేది. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఎవరూ గడియారం చూసుకోలేదు. ఎవరో కమలాలు ఒలిచి పంచారు. తొట్లకొండ కింద ఒంటరిగా నిలబడిన నా మొదటి ఆదివారం ఆ కమలా తొన తింటుంటే గుర్తొచ్చింది.

ఇలా ఆగడం ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు. వయసులో ఉన్నవాళ్ళకు కాళ్ళు ఊరుకోవు, అది తప్పు కాదు. వాళ్ళ కోసం తొట్లకొండ ఉంది. నీళ్ళ కోసం రాతిలో తొట్లు తొలిచిన కొండ కాబట్టి ఆ పేరు, పైన బౌద్ధ ఆరామం శిథిలాలు ఉన్నాయి. రోడ్డు చక్కగా మెలికలు తిరిగి పైకి పోతుంది. బలం ఉన్నవాళ్ళు అది ఎక్కి దిగి వచ్చేలోపు మిగిలినవాళ్ళం కింద కొబ్బరి బొండాలు తాగుతూ ఉంటాం. తరవాత కలిసి కదులుతాం. నేను ఒప్పుకోనిది ఒక్కటే. ఎవరు ఎంత సమయంలో చేరారో వరస కట్టి చూపించే యాప్‌లను జట్టు మధ్యలోకి తేవడం. పట్టికలో పేరు కోసం తొక్కడం మొదలయ్యాక చివరి మనిషి బరువుగా కనిపించడం మొదలవుతుంది. పోటీ కావాలంటే వేరే రోజు పెట్టుకోవచ్చు. లేదా 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలనే దూర ప్రయాణాలు ఉన్నాయి, వాటిని బ్రెవేలు అంటారు. అందులో కూడా ఎవరు ముందు వచ్చారన్న లెక్క లేదు, గడువులోపు వచ్చారా లేదా అన్నదే చూస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది.

కలిసి తొక్కడం కొత్తగా పుట్టిన సరదా కాదు. 1878లో ఇంగ్లండులోని హారోగేట్‌లో సైకిలు యాత్రికుల సంఘం పెట్టుకున్నారు. తమ సభ్యులకు మంచి భోజనం, పడక ఇచ్చే సత్రాల గోడలకు రెక్కల చక్రం గుర్తు తగిలించేవారు. అంటే నూట నలభై ఏళ్ళ కిందటే వాళ్ళకు కూడా టిఫిన్ ముఖ్యమే. కానీ నా మనసుకు దగ్గరైనది మన పొరుగు రాష్ట్రంలో జరిగింది. 1990ల తొలి ఏళ్ళలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళకు సైకిలు నేర్పారు. వేలమంది నేర్చుకున్నారు. క్వారీల్లో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు, పొలం కూలీలు, పిల్లల తల్లులు. నీళ్ళు మోసుకొచ్చారు, సరుకు అమ్ముకొచ్చారు, బస్సు కోసం మగవాళ్ళ కోసం ఎదురుచూడటం మానుకున్నారు. వాళ్ళు నేర్చుకున్నదీ ఒంటరిగా కాదు, గుంపులుగా వచ్చి ఒకరి సీటు ఒకరు పట్టుకుని. ఒక్కర్తే రోడ్డెక్కితే నవ్వే ఊరు పదిమంది వస్తే దారి ఇస్తుంది. ఇక్కడ కూర్చున్న ఆడవాళ్ళకు ఈ మాట వివరించనక్కర్లేదు. మన పిల్లలు తొమ్మిది, పది తరగతుల్లో ఎంత ధైర్యంగా సైకిలు మీద బడికి వెళతారు! తరవాత ఆ సైకిలు ఏమవుతుంది? నాకు జరిగినట్టే మెట్ల కిందికి పోతుంది. వచ్చేటప్పుడు మీ అమ్మాయిలను, కోడళ్ళను కూడా తీసుకురండి.

ఈ ఆదివారం సంగతి చెప్పి దిగుతాను. ఉదయం ఐదింటికి జలాంతర్గామి ఎదురుగా కలుద్దాం. ఐదున్నర లోపే సూర్యోదయం, కైలాసగిరి కింద ఉండగా వస్తుంది. కొత్తవాళ్ళు ఉన్నారు, గాలి నైరుతిది, కాబట్టి ఋషికొండ దాకానే. రానూపోనూ ఇరవై కిలోమీటర్ల పైమాట. ఎనిమిదికల్లా ఇంట్లో ఉంటారు. టైర్లలో గాలి శనివారం సాయంత్రమే కొట్టించుకోండి, ఆదివారం తెల్లవారుజామున ఏ షాపూ తీసి ఉండదు. ఒక నీళ్ళ సీసా, టిఫిన్‌కు డబ్బులు. ముంజలు దొరికితే దారిలో ఆగుతాం, సీజను అయిపోవస్తోంది.

మా దగ్గర అదనంగా రెండు సైకిళ్ళు ఉన్నాయి. సైకిలు లేనివాళ్ళు ఆ బల్ల మీద ఉన్న కాగితంలో పేరు, పక్కన ఎత్తు రాయండి. సీటు సరిచేసి తెస్తాం. ఆదివారం చివర వచ్చేది నేనే. దారిలో చాలా ప్రశ్నలు అడుగుతాను, జవాబులు సిద్ధం చేసుకుని రండి.